పిల్లల చదువుకు లైనక్స్ ల్యాప్‌టాప్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా ఇంట్లో ఎనిమిదేళ్ల నాటి ల్యాప్‌టాప్ ఉంది. 4 జీబీ ర్యామ్, హార్డ్ డిస్క్. విండోస్ తెరుచుకోవడానికే ఐదారు నిమిషాలు పడుతోంది. ఆరో తరగతి చదివే మా అబ్బాయికి లైనక్స్ వేసి ఇద్దామనుకుంటున్నాను. ఏది వేయాలి? ఏమైనా పార్టులు మార్చాలా?

జవాబు: లైనక్స్ రకాల్లో ఒకటైన లైనక్స్ మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్ వేయండి. మెనూ, టాస్క్‌బార్ విండోస్‌లో ఉన్నట్టే కింద ఉంటాయి కాబట్టి బాబుకి కొత్తగా నేర్పాల్సింది తక్కువ. సినమన్ ఎడిషన్ చూడ్డానికి ఇంకాస్త బాగుంటుంది గానీ 4 జీబీ మీద ఎక్స్‌ఎఫ్‌సీఈ తేలిగ్గా నడుస్తుంది. ఒక సంగతి మాత్రం ముందే తెలుసుకోండి: లైనక్స్ వేసినంత మాత్రాన బ్రౌజర్ వాడే మెమరీ తగ్గదు. ఒక డాక్యుమెంటు, నాలుగైదు ట్యాబులు హాయిగా నడుస్తాయి. ఆన్‌లైన్ క్లాసు నడుస్తుండగా పది ట్యాబులు తెరిస్తే మాత్రం తడబడుతుంది.

ఒక్క పార్టు మీదే ఖర్చు పెట్టగలిగితే ర్యామ్‌కి కాదు, హార్డ్ డిస్క్ స్థానంలో పెట్టే ఎస్‌ఎస్‌డీకి పెట్టండి. ర్యామ్ నిండగానే సిస్టమ్ కొంత డేటాని డిస్క్ మీదికి తోస్తుంది, దాన్నే స్వాప్ అంటారు. అది గిరగిరా తిరిగే హార్డ్ డిస్క్ అయితే మౌస్ బాణం కూడా కదలనంటుంది. ఎస్‌ఎస్‌డీ అయితే ఆ ఆలస్యం పెద్దగా తెలియదు. హార్డ్ డిస్క్‌తో వచ్చిన ల్యాప్‌టాప్‌లలో సాధారణంగా పట్టేది 2.5 అంగుళాల సాటా రకం, 7 మిల్లీమీటర్ల మందం. స్కూలు పనికి 240 జీబీ ఎక్కువే.

ఉన్నది చెరిపేముందు పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూడండి. 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. మింట్ సైటు నుంచి దించుకున్న ఐఎస్‌ఓ ఫైలుని దాంట్లోకి ఊరికే కాపీ చేస్తే బూట్ అవదు, రూఫస్‌తోనో బలేనా ఎచర్‌తోనో రాయాలి. రాసేటప్పుడు పెన్‌డ్రైవ్‌లో ఉన్నవన్నీ పోతాయి. ఆన్ చేయగానే బూట్ మెనూ మీట నొక్కండి: డెల్, లెనోవోలలో మామూలుగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఆసుస్‌లో ఎస్కేప్. డెస్క్‌టాప్ వచ్చాక వైఫై, స్పీకరు, మైకు, కెమెరా పనిచేస్తున్నాయో లేదో చూడండి. ఒకసారి మూత మూసి తెరవండి. స్క్రీన్ నల్లగానే ఉండిపోతే ఆ సంగతి ఇన్‌స్టాల్‌కి ముందే తెలియడం మేలు. వేగాన్ని మాత్రం ఇప్పుడే అంచనా కట్టకండి, అప్పుడు మీరు చూసేది పెన్‌డ్రైవ్ వేగం.

వైఫై కనబడకపోతే చాలాసార్లు అది బ్రాడ్‌కామ్ చిప్ అయి ఉంటుంది. ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేసి నెట్ తెచ్చుకోండి. ఇన్‌స్టాల్ అయ్యాక డ్రైవర్ మేనేజర్ తెరిస్తే కావలసిన డ్రైవర్ చూపిస్తుంది.

ప్రశ్న: మా ఆవిడ ఆఫీసు పనికి విండోస్ కూడా ఉండాలి. పక్కన లైనక్స్ వేద్దామంటే ఇన్‌స్టాలర్‌లో డిస్కే కనబడటం లేదు.

జవాబు: బయోస్‌లో, అంటే విండోస్ లేవకముందు వచ్చే సెటప్ తెరలో, స్టోరేజ్ మోడ్ రెయిడ్ అనో, ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ అనో ఉండి ఉంటుంది. దాన్ని ఏహెచ్‌సీఐకి మార్చాలి. కానీ నేరుగా మార్చేస్తే విండోస్ నీలం తెరతో ఆగిపోతుంది, ఎందుకంటే బూట్ సమయంలో ఆ మోడ్‌కి కావలసిన డ్రైవర్ అది సిద్ధంగా ఉంచుకోదు. ముందు డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో చూసి రికవరీ కీ కాగితం మీద రాసుకోండి, ఆ తర్వాత బిట్‌లాకర్‌ని సస్పెండ్ చేయండి. ఇక విండోస్‌లో సిస్టమ్ కాన్ఫిగరేషన్ తెరిచి, బూట్ ట్యాబ్‌లో సేఫ్ బూట్ టిక్ పెట్టి రీస్టార్ట్ చేయండి. నేరుగా బయోస్‌లోకి వెళ్లి ఏహెచ్‌సీఐ ఎంచుకోండి. విండోస్ సేఫ్ మోడ్‌లో లేచాక ఆ టిక్ తీసేయండి. అయిపోయింది.

లైనక్స్‌కి చోటు విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లోనే ఖాళీ చేయండి, 60 జీబీ వదిలితే ఇబ్బంది ఉండదు. పవర్ ఆప్షన్లలో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా ఆగదు, లైనక్స్ నుంచి ఆ పార్టిషన్‌లో ఫైళ్లు రాయడం కుదరదు.

ప్రశ్న: పాప ఎంతసేపు వాడాలో, ఏం చూడాలో కట్టడి చేయడం ఎలా?

జవాబు: మొదటి మెట్టు ఫిల్టర్ కాదు, అకౌంట్. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు సృష్టించే అకౌంట్‌కి అడ్మిన్ అధికారం ఉంటుంది. అది మీ పేరు మీద ఉండాలి. పాపకి యూజర్స్ అండ్ గ్రూప్స్‌లో వేరే అకౌంట్ తెరవండి, రకం స్టాండర్డ్. చాలా ఇళ్లలో ఉన్న ఒక్క అకౌంటే పిల్లల చేతికి వెళ్తుంది, ఆ తర్వాత ఏ కట్టడి పెట్టినా అదే పాస్‌వర్డ్‌తో తీసేయొచ్చు.

సమయానికి సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో టైమ్‌కీపర్ నెక్స్ట్ దొరుకుతుంది. రోజుకి ఎన్ని గంటలు, ఏ వేళ నుంచి ఏ వేళ వరకు అన్నది వారంలో ఒక్కో రోజుకి విడిగా పెట్టొచ్చు. ఇక్కడొక చిక్కు ఉంది. సమయం ముగియగానే సెషన్‌ని మూసేసేలా ఉంచితే సేవ్ చేయని ప్రాజెక్టు పనంతా పోతుంది. ఆ సెట్టింగ్‌ని లాక్‌కి మార్చండి. తెర మూసుకుంటుంది, ఫైలు తెరిచినట్టే ఉంటుంది.

అశ్లీల సైట్లు ఆపడానికి రౌటర్‌లో డీఎన్‌ఎస్‌ని (సైటు పేరు ఇస్తే దాని చిరునామా వెతికి ఇచ్చే సేవ) 1.1.1.3, 1.0.0.3గా మార్చండి. ఇది క్లౌడ్‌ఫ్లేర్ వారి ఉచిత ఫ్యామిలీ ఫిల్టర్. మార్చినా సైట్లు తెరుచుకుంటూనే ఉంటే బ్రౌజర్ తన సొంత సురక్షిత డీఎన్‌ఎస్ వాడుతోందన్నమాట. ఫైర్‌ఫాక్స్‌లో ప్రైవసీ సెట్టింగుల్లో అడుగున డీఎన్‌ఎస్ ఓవర్ హెచ్‌టీటీపీఎస్‌ని ఆపేయండి. బయోస్‌కి పాస్‌వర్డ్ పెట్టండి, లేదంటే ఇంకో పెన్‌డ్రైవ్‌తో బూట్ చేస్తే మీ ఏర్పాట్లేవీ పనికిరావు. ఇంత చేసినా ఫోన్ హాట్‌స్పాట్‌కి కలిపితే రౌటర్ ఫిల్టర్ వర్తించదు. పైగా బ్రౌజర్ ఆటలకి, ఇన్‌స్టాల్ లేకుండా నడిచే యాప్‌ఇమేజ్‌లకి అడ్మిన్ పాస్‌వర్డ్ అక్కర్లేదు. పదేళ్ల పాపకి ఇవి సరిపోతాయి. పదిహేనేళ్ల పిల్లలకైతే మాట్లాడి ఒప్పందానికి రావడమే దారి.

ప్రశ్న: తెలుగు హోంవర్క్ టైప్ చేయడం ఎలా? టీచర్ పంపిన ఒక తెలుగు ఫైలు పిచ్చి గుర్తులుగా కనబడుతోంది. వర్డ్ ఫైళ్లు కూడా పేజీలు మారిపోతున్నాయి.

జవాబు: ఇవి మూడు వేర్వేరు సమస్యలు. టైపింగ్‌కి కీబోర్డ్ సెట్టింగుల్లో తెలుగు లేఅవుట్ చేర్చండి, అది ఇన్‌స్క్రిప్ట్ పద్ధతి. ఇంగ్లీషు అక్షరాలతో టైప్ చేయాలనుకుంటే ఇన్‌పుట్ మెథడ్‌లో ఐబస్ పెట్టి, ఎమ్17ఎన్ ప్యాకేజీ వేసుకుని, తెలుగు ఐట్రాన్స్ ఎంచుకోండి. లాగౌట్ అయి మళ్లీ వస్తేనే అది పనిచేస్తుంది.

పిచ్చి గుర్తుల ఫైలు ఇప్పుడు అందరూ వాడే యూనికోడ్ సంకేతాల్లో లేదు, అను వంటి పాత ఫాంట్లలో చేసింది. వాటిలో తెలుగు ఆకారాలు ఇంగ్లీషు అక్షరాల సంకేతాల మీద కూర్చుని ఉంటాయి. కాబట్టి ఎన్ని తెలుగు ఫాంట్లు వేసినా ఫలితం ఉండదు. టీచర్‌ని పీడీఎఫ్ పంపమనడమే తేలిక.

పేజీలు మారడానికి కారణం ఫాంట్లు. కాలిబ్రీకి బదులు కార్లిటో, కాంబ్రియాకి కలాడియా, టైమ్స్ న్యూ రోమన్‌కి లిబరేషన్ సెరిఫ్ వేసి ఉంటే అక్షరాల వెడల్పు ఒకటే కనుక పంక్తులు కదలవు. 2023 నుంచి వర్డ్‌లో మొదలైన ఆప్టోస్ ఫాంట్‌కి మాత్రం లిబ్రే ఆఫీస్‌తో (మింట్‌లో వర్డ్‌కి బదులు వాడేది) వచ్చే జోడీ లేదు, అక్కడ పంక్తులు జరుగుతాయి. లిబ్రే ఆఫీస్‌లో ఆప్షన్స్, లోడ్ అండ్ సేవ్, జనరల్‌లోకి వెళ్లి ఎప్పుడూ వర్డ్ రూపంలోనే సేవ్ అయ్యేలా పెట్టండి. టీచర్ దిద్దాల్సిన ఫైలు అలా పంపండి, చూసి మార్కులు వేసేదైతే పీడీఎఫ్‌గా ఎగుమతి చేసి పంపండి.

ప్రశ్న: ఆన్‌లైన్ పరీక్షలు లైనక్స్‌లో రాయొచ్చా?

జవాబు: బ్రౌజర్‌లో జరిగేవైతే రాయొచ్చు. కంప్యూటర్‌ని కట్టేసే ప్రత్యేక సాఫ్ట్‌వేర్ అడిగితే చాలావరకు కుదరదు. ఉదాహరణకి సేఫ్ ఎగ్జామ్ బ్రౌజర్‌కి లైనక్స్ రూపం లేదు. టీమ్స్ డెస్క్‌టాప్ యాప్‌ని లైనక్స్‌కి మైక్రోసాఫ్ట్ 2022లోనే ఆపేసింది, క్లాసులకి క్రోమ్, ఎడ్జ్ వంటి బ్రౌజర్‌లో తెరవాలి. విండోస్ చెరిపేముందు స్కూల్లో ఈ ఒక్కమాట అడగండి.

ప్రశ్న: టైమ్‌షిఫ్ట్ పెట్టాను. పాప ఫైళ్లు భద్రమేనా?

జవాబు: కాదు. టైమ్‌షిఫ్ట్ సిస్టమ్‌ని మాత్రమే దాస్తుంది, పాప ఫైళ్లు ఉండే హోమ్ ఫోల్డర్‌ని మామూలుగా వదిలేస్తుంది. చెడిన అప్‌డేట్‌ని వెనక్కి తిప్పడానికి అది బాగా పనికొస్తుంది. పాప డాక్యుమెంట్లకి మింట్‌లోని బ్యాకప్ టూల్‌తో వారానికోసారి వేరే పెన్‌డ్రైవ్‌లోకి కాపీ తీయండి. పని కాగానే ఆ పెన్‌డ్రైవ్‌ని ల్యాప్‌టాప్ నుంచి ఊడదీసి పెట్టండి.