కవరు మాత్రం కప్పకు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం చేరింది. ఎర్ర మారుతిని ఇచ్చేయడానికి మనసు రావడం లేదని, పోనీ ఓ కవరు కప్పి పెరట్లో ఉంచేసుకుంటే ఏమని అడిగావు. సరైన మనిషినే అడిగావు. ఆ పని చేసి చేతులు కాల్చుకున్నవాణ్ణి నేను.

మా అంబాసిడర్ సంగతి నీకు పైపైన తెలుసు. 2014లో దాని తయారీ ఆగిపోయిందని పేపర్లో చదివిన రోజున, ఇక దీన్ని అమ్మడం మహాపాపం అనిపించింది నాకు. అప్పటికే చిన్న కారు వచ్చింది, దాంతో పని లేదు. అయినా షెడ్డులో పెట్టి, మంచి మందపాటి కవరు కప్పి, ప్రతి ఆదివారం పూజ చేసినట్టు సెల్ఫ్ కొట్టి, ఐదు నిమిషాలు ఇంజన్ ఆడించి ఆపేసేవాణ్ణి. దాన్ని బతికిస్తున్నాననుకున్నాను. నిజానికి వారం వారం కాస్త కాస్త చంపుతూ వచ్చాను.

పెట్రోలు మండితే నీటి ఆవిరి కూడా పుడుతుంది. బండి రోడ్డెక్కి బాగా వేడెక్కితే ఆ ఆవిరి పొగతోపాటు పోతుంది. ఐదు నిమిషాలకే ఆపేస్తే సైలెన్సర్‌లో నీరై నిలుస్తుంది, కొంత ఇంజన్ ఆయిల్లో కలుస్తుంది. మా సైలెన్సర్ పైకి బాగానే ఉండేది, ఓరోజు వేలితో నొక్కితే అప్పడంలా విరిగింది. ట్యాంకులో పెట్రోలు పాతబడి జిగురు కట్టి ఇంజన్‌కి పెట్రోలుని గాలితో కలిపి అందించే కార్బురేటర్ సన్నబెజ్జాలు మూసుకుపోయాయి. నీ బండికి కార్బురేటర్ లేదు, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లంటావేమో, పాత పెట్రోలు వాటినీ వదలదు. బ్రేక్ ఆయిల్ గాల్లో తేమని పీల్చుకుంటుంది కాబట్టి చక్రాల దగ్గర బ్రేకు పట్టించే వీల్ సిలిండర్లు లోపలే తుప్పెక్కి బిగుసుకుపోయాయి. టైర్లు నేలకి ఆనిన చోట చదునైపోయాయి. నేను ముచ్చటపడి కొన్న కవరేమో కింద చెమ్మని బయటికి పోనివ్వక, తలుపుల అడుగున తుప్పుకి పందిరి వేసింది. ఇక వెనకసీటు స్పాంజిలో ఎలుకలు కాపురం పెట్టి, వైర్లు కొరికి, నాకంటే ఎక్కువగా ఆ కారుని వాడుకున్నాయి.

నాలుగేళ్ళకి దాన్ని ట్రాలీ మీద వేసి తూకానికి పంపాను. వీల్ పట్టేసి తిరగకపోతే నలుగురు కలిసి ఈడ్చారు. సిమెంటు నేల మీద ఆ టైరు గీసిన నల్లటి చార ఇప్పటికీ పోలేదు.

అదే అంతకుముందు మాకున్న ఫియట్‌ని చూడు. అంటే ప్రీమియర్ పద్మిని. ఇటలీవాళ్ళ ఫియట్ 1100 డి అనే మోడల్‌నే ఇక్కడ తయారుచేసి ఆ పేరు పెట్టారు, మేమెవరం ఆ పేరుతో పిలిచింది లేదు. 1089 సీసీ ఇంజను, గేరు రాడ్డు స్టీరింగ్ పక్కనే. ఎండాకాలం దూరం వెళ్తే పంపులో పెట్రోలు ఆవిరైపోయి నడిరోడ్డు మీద మొరాయించేది. బానెట్ ఎత్తి, పంపు మీద తడిగుడ్డ వేసి, ఓ పది నిమిషాలు చెట్టుకింద కూర్చుంటే మళ్ళీ బుద్ధిగా బయల్దేరేది. అందుకే ప్రయాణానికి రెండు సీసాల నీళ్ళు పెట్టేది మీ అత్తయ్య, ఒకటి మాకు, ఒకటి దానికి.

దాన్ని నడుస్తుండగానే ఇచ్చేశాను. కొన్న కుర్రాడు డబ్బులు లెక్కపెట్టకముందే బానెట్ ఎత్తి వంగి చూశాడు, అక్కడే నాకు నచ్చాడు. తర్వాత మారుతి కొన్నాక చాలా నెలలు నా ఎడమచెయ్యి ఫియట్ గేరు కోసం స్టీరింగ్ పక్కకే పోయేది. మారుతిలో అక్కడుండేది వైపర్ల మీట, పొడి అద్దం మీద వైపర్లు కీచుమంటూ తిరిగేవి. పక్కన కూర్చున్నవాళ్ళు వానెక్కడని అడిగేవాళ్ళు. ఇలాంటివి నీకూ అవుతాయి, కంగారుపడకు.

ఇచ్చేముందు ఏం చెయ్యాలో చెప్తాను. ఫొటోలు తీసుకుంటానన్నావు. ముందు నిలబడి నవ్వుతూ ఒకటి తీసుకో, సరదాకి. కానీ మారుతి 800లు 1983 నుంచి 2014 దాకా పాతిక లక్షలకు పైగా రోడ్డెక్కాయి, ముందునుంచి తీస్తే అన్నీ ఒకటే మొహం. నీ కారుని నీ కారు చేసినవి వేరే ఉంటాయి. నువ్వు గేటుకి రాసినప్పుడు పడ్డ సొట్ట, నీ మోచెయ్యి ఆని రంగు పోయిన తలుపు అంచు, స్టిక్కరు పీకినా పోని మరక, వాటిని దగ్గరగా తీసుకో. పొద్దున చల్లగా ఉన్నప్పుడు మొదటిసారి స్టార్ట్ చేసిన శబ్దం ఫోనులో రికార్డు చేసుకో. మూడు సిలిండర్ల బండి, నిలబడ్డప్పుడు అదో రకంగా వణుకుతుంది, ఆ వణుకులో డాష్‌బోర్డు మీద ఏదో ఒకటి టకటకలాడుతుంది. వాసన మాత్రం పట్టుకోలేం. నేను ప్రయత్నించాను, సీటు కవరు ముక్క డబ్బాలో దాచాను. ఆర్నెల్లకి డబ్బా వాసనే మిగిలింది.

అన్నిటికంటే మంచి పని ఇంకోటుంది. దాని వేషాలన్నీ ఓ కాగితం మీద రాయి. ఏ తలుపు ఎత్తి వెయ్యాలి, ఏ అద్దం సగం దాకా దిగాక చేత్తో సాయం పట్టాలి, వానాకాలం ఏ మూల నీళ్ళు కారతాయి, ఇంధనం ముల్లు ఎక్కడ ఆగితే నిజంగా అయిపోయినట్టు. ఒక కాపీ కొన్నవాళ్ళకివ్వు, పనికొస్తుంది. ఒకటి నువ్వుంచుకో. ఫియట్‌కి నేను రాసింది రెండు పేజీలొచ్చింది. ఇన్నేళ్ళకి ఫొటోలు చూస్తే ఏమీ అనిపించదు గానీ ఆ కాగితంలో "రెండో గేరుకి ముందు కాస్త ఆగాలి, తొందరపెడితే అరుస్తుంది" అన్న చోట ప్రతిసారీ ఆగిపోతాను.

చుట్టాలకి అమ్మకు. పండక్కో పబ్బానికో నీ ముందే ఆగుతుంది, నువ్వు తుడిచినట్టు వాళ్ళు తుడవరు, చూసి నీకు ఒళ్ళు మండుతుంది.

కాగితాలు నమ్మకం మీద వదలకు. ఆ ఫియట్ కుర్రాడు మంచివాడే గానీ దాన్ని ఇంకొకరికి అమ్మేశాడు, వాళ్ళెవరూ పేరు మార్పించుకోలేదు. రెండేళ్ళ తర్వాత ఎక్కడో ఎవరినో గుద్దిన కేసులో నాకు నోటీసు వచ్చింది. అదృష్టం బాగుండి ఆ మనిషి చిన్న దెబ్బలతో బయటపడ్డాడు. రిజిస్ట్రేషన్‌లో నీ పేరున్నంతకాలం తలనొప్పి నీదే. మారిందని నీ కళ్ళతో చూసేదాకా వదలకు.

ఇంకోటి. కొన్నాళ్ళకి బెంగపెట్టుకుని అలాంటిదే మరొకటి కొనాలనిపిస్తుంది. నాకనిపించింది. అదే రంగు, అదే మోడల్ పద్మిని ఒకటి వెతికి పట్టుకుని చూడ్డానికి వెళ్ళాను. నాదానికంటే ఎంతో బాగుంది. ఎక్కి కూర్చుని, అలవాటుగా తలుపు కొంచెం పైకెత్తి లాగాను. ఎత్తనక్కర్లేకుండానే మెత్తగా పడింది. ఎందుకో తెలీదు, బేరం కూడా ఆడకుండా దిగి వచ్చేశాను. మీ అత్తయ్య బస్సులో దారి పొడుగునా నవ్వుతూనే ఉంది.

తాళాలిచ్చేటప్పుడు స్పేర్ తాళం కూడా ఇవ్వాలి, గుర్తుపెట్టుకో. ఫియట్‌ది ఇంకా నా బల్ల సొరుగులోనే ఉంది. ఇవ్వడం మర్చిపోయానని మీ అత్తయ్యకి చెప్పాను.

మీ మామయ్య