మీరడిగారు: నాలుగేళ్లలో ముగిసిన బ్రూస్-బ్రౌన్ కథ

ప్రశ్న: 1911లో అమెరికాలో జరిగిన మొదటి ఇండియానాపొలిస్ 500 కార్ల రేసులో రే హారౌన్ గెలిచాడని క్విజ్‌లలో అడుగుతుంటారు. మూడో స్థానంలో వచ్చిన డేవిడ్ బ్రూస్-బ్రౌన్ ఎవరు? తర్వాత అతని పేరే వినిపించదేం?
– ఓ పాఠకుడు, కాకినాడ

జవాబు: వినిపించకపోవడానికి కారణం సింపుల్, ఆ మరుసటి ఏడాదే చనిపోయాడు. కానీ నన్నడిగితే ఆ తరం అమెరికన్ డ్రైవర్లలో ఇతన్ని మించినవాళ్లు ఒకరిద్దరు కూడా ఉండరు. న్యూయార్క్‌లో డబ్బున్న ఇంటి కుర్రాడు. 1908లో ఇంకా చదువుకుంటుండగానే ఫ్లోరిడాలో డేటోనా బీచ్‌కి వెళ్లిపోయాడు, సంగతి తెలిసి వాళ్లమ్మ ‘మావాణ్ణి కారెక్కిస్తే కోర్టుకెక్కుతా’ అని నిర్వాహకులను బెదిరించింది, అయినా ఎక్కాడు, అమెచ్యూర్ల (వృత్తి డ్రైవర్లు కానివాళ్ల) మైలు దూరం వేగం రికార్డు కొట్టాడు.

అసలు చూడాల్సింది 1910 నవంబరులో అమెరికాలోని జార్జియా రాష్ట్రం సవానాలో జరిగిన అమెరికన్ గ్రాండ్ ప్రైజ్ రేసు. ఆ రాష్ట్రం ఖైదీలతో సిద్ధం చేయించిన రోడ్ల మీద 415 మైళ్లు, దాదాపు 6 గంటల పోటీ. అప్పట్లో కార్లన్నీ ఒకేసారి బయల్దేరేవి కావు, కొంత ఎడం ఇచ్చి ఒక్కొక్కటిగా వదిలేవాళ్లు. అందుకే ఫ్రాన్స్‌కు చెందిన విక్టర్ ఎమరీ ముందే గీత దాటేసినా గెలిచానో లేదో తెలియక నిలబడి ఎదురుచూడాల్సి వచ్చింది (ఆ టెన్షన్ ఊహించుకోండి!). ఇద్దరిదీ బెంజ్ జట్టే. చివరికి లెక్క తీస్తే బ్రూస్-బ్రౌన్ 1.42 సెకన్ల తేడాతో గెలిచాడు.

1911లో ఇండియానాపొలిస్‌లో ఫియట్ నడిపి, 200 ల్యాపుల్లో (ట్రాక్ చుట్లలో) 81 ల్యాపులు ముందున్నాడు. ఆ ఏడాది చివర్లో సవానాలో మళ్లీ గెలిచాడు. అప్పటి ఫియట్‌కి నాలుగే సిలిండర్లు, ఇంజన్ మాత్రం 14 లీటర్ల పైమాట! అలాంటి కారుతోనే 1912లో ఫ్రెంచ్ గ్రాండ్ ప్రి కోసం డియెప్ వెళ్లాడు. రెండు రోజుల రేసులో మొదటి రోజు ముగిసేసరికి అందరికంటే ముందున్నది ఇతనే. రెండో రోజు పెట్రోల్ కారిపోయి, అనుమతించిన చోట కాకుండా దారిలో నింపుకున్నాడని డిస్‌క్వాలిఫై చేశారు. రూల్ రూలే అనుకోండి, కానీ అది గెలిచి ఉంటే ఇవాళ మీరు ఈ ప్రశ్న అడిగేవారు కాదు.

ఇంకో సంగతీ ఉంది. ఇండియానాపొలిస్ రేసు ఇప్పటికీ జరుగుతోంది కాబట్టి హారౌన్ పేరు ఏటా ఎవరో ఒకరు తలుస్తారు. అమెరికన్ గ్రాండ్ ప్రైజ్ 1916తో ఆగిపోయింది, ఇక రెండుసార్లు గెలిచినవాణ్ణి గుర్తుచేసేదెవరు?

1912 అక్టోబరు 1న మిల్వాకీలో ప్రాక్టీసు చేస్తుండగా టైరు పేలి కారు బోల్తాపడింది. అరిగిన టైర్లతోనే మరో రౌండుకి వెళ్లాడంటారు. అప్పటికి వయసు 25. పక్కన కూర్చున్న మెకానిక్ టోనీ స్కుడెలారీ కూడా బతకలేదు.

ప్రశ్న: రేసు కారులో మెకానిక్‌కి ఏం పని?
– మరో పాఠకురాలు, వరంగల్

జవాబు: బోలెడు! వెనక ఎవరొస్తున్నారో చూసి చెప్పడం, ఆయిల్, పెట్రోల్ ప్రెషర్ తగ్గకుండా చేత్తో పంపు కొట్టడం, టైర్ల మీద కన్నేసి ఉంచడం. హారౌన్ 1911లో ఒక్కడే నడుపుతానంటే మిగతా డ్రైవర్లు గొడవ చేశారు, అందుకే అతను కారుకి వెనక్కి చూసే అద్దం బిగించుకున్నాడు. మెకానిక్‌కీ డ్రైవర్‌తో సమానంగా ప్రమాదమే, పైగా స్టీరింగ్ అతని చేతిలో ఉండదు.