నల్ ఇవ్వాలా, ఖాళీ లిస్ట్ ఇవ్వాలా?

జావాలో లిస్ట్ తిరిగిచ్చే మెథడ్‌కి డేటా దొరకకపోతే నల్ (ఏ విలువా లేదని చెప్పే గుర్తు) ఇవ్వాలా, ఖాళీ లిస్ట్ ఇవ్వాలా, ఆప్షనల్‌లో (విలువ ఉండొచ్చు, లేకపోవచ్చు అని చెప్పే పెట్టెలో) చుట్టి ఇవ్వాలా అని ఒకరు అడిగారు.

ఏమీ లేవని ఖాయంగా తెలిస్తే ఖాళీ లిస్టే ఇవ్వండి. నల్ వద్దు. పిలిచేవాడి ఫర్ లూప్ దానంతటదే సున్నాసార్లు తిరుగుతుంది, ఏ ఇఫ్ అక్కర్లేదు. నల్ ఇస్తే అది రావచ్చని టైప్‌లో ఎక్కడా రాసి ఉండదు. కంప్యూటర్ శాస్త్రవేత్త టోనీ హోర్ 1965లో ఆల్గోల్ డబ్ల్యూ అనే భాషలో నల్ పెట్టినప్పటి నుంచీ ఈ తంటా ఉంది.

అయితే "ఏమీ లేవు" వేరు, "ఉన్నాయో లేవో తెలియదు" వేరు. రెండోదాన్ని కూడా ఖాళీ లిస్టుతో కప్పేస్తే నల్ కంటే ఎక్కువ నష్టం. నల్ అయితే కనీసం ఎక్సెప్షన్ వచ్చి బయటపడుతుంది, ఖాళీ లిస్ట్ నోరు మెదపదు.

వరంగల్ ఎనుమాముల మార్కెట్ ధరలు చూపే ఒక యాప్‌కి హన్మకొండలో ఉండి పనిచేశాను. తేజ, వండర్ హాట్, 341 ఇలా మిర్చి రకాలవారీగా లాట్లు, క్వింటా ధరలు వచ్చేవి. ధరల సర్వర్ టైమవుట్ అయితే పాత కోడ్ ఎర్రర్‌ని పట్టుకునే క్యాచ్ బ్లాక్‌లోంచి ఎంప్టీలిస్ట్ పంపేది. స్క్రీన్ మీద "ఈరోజు సరుకు రాలేదు" అని పడేది. యార్డులో చూస్తే ఎటు చూసినా బస్తాలే. నర్సంపేట దిక్కు నుంచి ఒక రైతు ఫోన్ చేసి, "సారూ, మార్కెట్ బందున్నదా? బండి మాట్లాడుకున్న, రావాల్నా వద్దా?" అని అడిగిండు. లాగ్‌లో ఒక్క ఎర్రర్ లేదు. ఆదివారం సెలవుకీ సర్వర్ పడిపోవడానికీ ఆ కోడ్‌లో తేడానే లేదు మరి.

తర్వాత సీల్డ్ ఇంటర్‌ఫేస్ (తన కింద ఏయే రకాలు ఉండొచ్చో ముందే ఖాయం చేసే టైప్) పెట్టాం. దాని కింద రెండే రికార్డులు (డేటా పట్టుకునే చిన్న క్లాసులు): "అందింది" (లోపల లిస్ట్, అది ఖాళీగా ఉన్నా సరే), "అందలేదు" (లోపల కారణం). జావా 21లో స్విచ్‌తో విడదీస్తే, "అందలేదు"ని వదిలేసిన చోట కంపైలరే ఒప్పుకోదు. టైపులున్న భాష వాడేది ఇందుకే కదా! ఆప్షనల్‌లో లిస్ట్ పెట్టినా పని నడుస్తుంది కానీ కారణం పోతుంది, పైగా ఎవరో ఒకరు ఆర్‌ఎల్స్‌తో (విలువ లేకపోతే బదులు ఇచ్చే మెథడ్‌తో) మళ్లీ ఖాళీ లిస్ట్ చేసేస్తారు. కోట్లిన్ భాషలో నల్‌ని ఖాళీ లిస్ట్‌గా మార్చే ఆర్‌ఎంప్టీ కూడా అంతే, చేతికి అందుబాటులో ఉంది కదా అని వాడొద్దు.

జేసన్ (ప్రోగ్రాములు ఒకదానికొకటి డేటా పంపుకునే టెక్స్ట్ రూపం) చదివే చోట జాగ్రత్త. ఫీల్డ్‌కి డిఫాల్ట్‌గా ఖాళీ లిస్ట్ పెట్టుకున్నా, అవతలివాళ్లు నల్ అని రాసి పంపితే దాన్ని చదివే జాక్సన్ లైబ్రరీ మామూలుగా దాన్నే తెచ్చి పెడుతుంది. దాన్ని ఖాళీగా మార్చేముందు, అక్కడ నల్ అంటే అర్థమేమిటో పంపేవాళ్లని అడగండి.

నిజంగా ఖాళీ అయినప్పుడు కూడా ఒక చిక్కుంది: ఖాళీ స్ట్రీమ్ మీద ఆల్‌మ్యాచ్ (అన్నీ షరతుకు సరిపోతాయా అని చూసేది) ట్రూ ఇస్తుంది. "అన్ని లాట్ల తూకం అయిందా?" అని అడిగితే సెలవు రోజున కూడా అయిందనే చెబుతుంది. అలాంటి మెసేజ్ పంపేముందు ఈజ్‌ఎంప్టీ విడిగా చూసుకోండి.