మైక్ మీద గుండె, సున్నా, 8 గుర్తులు దేనికి? ఏది పెట్టుకోవాలి?

సెకండ్ హ్యాండ్‌లో ఏకేజీ సీ414 ఎక్స్‌ఎల్‌ఎస్ మైక్ కొన్నానని, ఇంట్లో పాడుకోవడానికి ఏ బటన్ ఎలా పెట్టాలని అడిగారు. మైక్ ఏ వైపుల నుంచి వినాలో చెప్పేదే పాటర్న్, ఈ గుర్తులు దానికే. తొమ్మిది పాటర్న్‌లున్న మైక్ కొని, ముఖ్యంగా ముందువైపే వినే గుండె గుర్తు మీద పెట్టి మరచిపోయేవాళ్లే ఎక్కువ. ఆ మాత్రానికి ఆ పాటర్న్ ఒక్కటే ఉన్న రోడ్ ఎన్‌టీ1 మైక్ చాలు. నన్నడిగితే మైక్‌కి అసలు సెట్టింగ్ పాటర్నే, మిగతావన్నీ దాని తర్వాతే.

విజయవాడలో మా చిన్న స్టూడియోకి ఓసారి బుర్రకథ దళం వచ్చింది. మధ్యలో కథకుడు, పెద్దాయన, భుజాన తంబుర, వేళ్లకు అందెలు. అటూ ఇటూ డక్కీలతో వంతలు. గుండె గుర్తులో పెడితే ఆయన గొంతు ఖంగుమంటోంది గానీ, వంతల 'తందాన తాన' లీలగా వినబడుతోంది. పైగా ఆయన చిందేసినప్పుడల్లా ఆ అదురు స్టాండ్ గుండా మైక్‌లోకి ఎక్కేస్తోంది. డబ్బు పెడుతున్నాయన తలా ఒక మైక్ పెట్టమన్నారు. నేను ఒప్పుకోలేదు. ఇరుకు గదిలో అందరి గొంతూ అన్ని మైకుల్లోకీ దూరితే మిక్సింగ్‌లో ప్రాణం పోతుంది.

8 గుర్తుకి మార్చాను. అందులో మైక్ ముందూ వెనకా సమానంగా వింటుంది, పక్కలు చెవుడు. ఆ చెవిటి పక్క ఏసీ వైపు తిప్పి, ఇటు కథకుణ్ణి, అటు ఎదురుగా వంతలిద్దరినీ కాస్త వెనగ్గా నిలబెట్టాను. "పోట్లాటకొచ్చినట్టు ఈ ఎదురెదురు నిలబడ్డమేంటయ్యా!" అని పెద్దాయన విసుక్కున్నారు. డక్కీలు మోగినప్పుడు మైక్ లైటు ఎర్రబడుతుంటే చప్పుడు జోరు తగ్గించే ప్యాడ్‌ను మైనస్ 12 డెసిబెల్స్‌కి దించాను. మంద్రపు చప్పుళ్లను కోసేసే లో కట్‌ను 80 హెర్ట్జ్‌లో పెడితే అడుగుల చప్పుడు చాలావరకు పోయింది. 160 పెడితే మొత్తం పోయేదేమో, దాంతోపాటు డక్కీ గుమ్మనే నాదమూ పోయేది.

ఇక చూడాలి, ఆయన మొహం చూస్తూ వంతలు ఎంత బాగా అందుకున్నారో! హాస్యగాడి మాటకు పెద్దాయనే నవ్వాపుకోలేకపోయారు. ఆ నవ్వు తీసెయ్యకుండా ఉంచేశాం.

'తర్వాత సాఫ్ట్‌వేర్‌లో సరిచేద్దాం లెండి' అనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. దూరంగా రికార్డయిన గొంతును ఏ ప్లగిన్ దగ్గరికి తేగలదు? స్టేజీ మీద అలవాటైనవాళ్లు నేరుగా మైక్ నెత్తి మీద పాడేస్తారు, అదొకటి. ఇది పక్కనుంచి పాడాల్సిన మైక్, లోగో ఉన్నవైపే ముందు.

మీ ఒక్కరికైతే గుండె గుర్తే పెట్టుకోండి, తప్పదు. జానెడు దూరం, ప్యాడ్ సున్నా, లో కట్ 80. మరీ దగ్గరికెళ్తే గొంతు బొంగురెక్కుతుంది. గదిలో ప్రతిధ్వని లేకపోతే అన్ని వైపులా సమానంగా వినే సున్నా గుర్తులోనూ పాడి చూడండి, అందులో ఆ బాధ ఉండదు. మైక్‌ను కంప్యూటర్‌కి కలిపే ఇంటర్‌ఫేస్ మీద 48 వోల్టుల బటన్ నొక్కకపోతే మైక్ పలకదు. నొక్కేముందు స్పీకర్లు తగ్గించండి, టప్పుమంటాయి.