పెర్గేలో ఆగిపోయిన మార్కు

ప్రశ్న: అమ్మగారూ, రెండేళ్ల క్రితం మా సంఘం వాళ్లతో సువార్త సేవకు వెళ్లాను. నెల రోజులు ఉంటానని ఒప్పుకుని పదో రోజే ఇంటికొచ్చేశాను. ఈసారి మళ్లీ వస్తానంటే పాస్టరు గారు ‘నిన్ను నమ్ముకుని బయల్దేరలేనమ్మా’ అన్నారు. అప్పట్నుంచి ఒకటే టెన్షన్. బైబిల్లో సువార్త రాసిన మార్కు కూడా ఇలాగే మధ్యలో వచ్చేశాడట కదా, ఆయన్ని మళ్లీ ఎలా చేర్చుకున్నారు?
– ఒక పాఠకురాలు

జవాబు: నిజమే తల్లీ. చెరసాల నుంచి బయటపడ్డ యేసు శిష్యుడు పేతురు యెరూషలేములో తలుపు తట్టింది మార్కు వాళ్లమ్మ మరియ ఇంటికే. అలాంటి ఇంట్లో పెరిగినవాడు, సువార్త చెప్పడానికి బయల్దేరిన పౌలు, బర్నబాలతో కుప్ర దీవి అంతా తిరిగి, సముద్రం దాటి పెర్గే అనే ఊరికి రాగానే వాళ్లను వదిలి ఇంటిదారి పట్టాడు. ఎందుకో బైబిల్లోని అపొస్తలుల కార్యములలో ఒక్క ముక్క కూడా లేదు. సండే స్కూల్లో నేను చాలాకాలం ఆయన్ని పిరికివాడనే చెప్పాను. ఆ పిల్లలందర్నీ పిలిచి ఆ మాట వెనక్కి తీసుకోవాలనిపిస్తుంది. నువ్వెందుకు వచ్చేశావని నిన్నూ అడగను.

మార్కు వెళ్లిపోయాక లుస్త్ర అనే ఊళ్లో జనం పౌలును రాళ్లతో కొట్టారు. చచ్చిపోయాడనుకుని ఊరి బయటికి ఈడ్చేశారు. ఆ దెబ్బలు తిన్న మనిషి రెండో ప్రయాణానికి మార్కును వద్దన్నాడంటే నాకు ఆయన మీద కోపం రాదు. మీ పాస్టరు గారి మీద నువ్వు కూడా కోపం పెట్టుకోకు. బర్నబా మాత్రం పట్టు వదల్లేదు. ఇద్దరికీ మాటామాటా పెరిగి చెరో దారినా వెళ్లారు. బర్నబా తన దగ్గరి బంధువైన ఈ కుర్రవాణ్ణి తీసుకుని కుప్రకు ఓడెక్కాడు. అది బర్నబా పుట్టిన దీవి, మార్కు అంతకుముందు చూసిన చోటే. మళ్లీ మొదలుపెట్టడానికి కొత్త దేశమేమీ దొరకలేదు ఆయనకు.

ఆ తర్వాత ఏళ్ల తరబడి కార్యములలో మార్కు పేరు వినపడదు. మళ్లీ కనిపించేది ఖైదులో ఉన్న పౌలు ఉత్తరాల్లో. మార్కు వస్తే చేర్చుకోండని కొలస్సయి ఊరి సంఘానికి రాశాడు. తన శిష్యుడు తిమోతికి రాసిన రెండో ఉత్తరం చివర్లో చూడు: చలికాలం రాకముందే రమ్మంటాడు, త్రోయ ఊళ్లో వదిలేసిన అంగీ తెమ్మంటాడు, పుస్తకాలు తెమ్మంటాడు. అదే ఊపులో మార్కును కూడా వెంటబెట్టుకుని రా, సేవలో నాకు పనికొస్తాడు అంటాడు. అంత అవసరంలో ఉన్న పెద్దాయన అడిగిన నాలుగింటిలో మార్కు ఒకడు!

నాకు ఇంకా ఇష్టమైంది మార్కు రాసిన సువార్తలో ఉంది. పేతురు చెప్పినవే మార్కు రాశాడని రెండో శతాబ్దం నుంచీ సంఘం నమ్మిక. ఉన్నవి 16 అధ్యాయాలే. చివరి అధ్యాయంలో యేసు సమాధి దగ్గర దూత స్త్రీలతో, వెళ్లి ఆయన శిష్యులతోనూ పేతురుతోనూ చెప్పండి అంటాడు. యేసును ఎరగనని మూడుసార్లు బొంకిన పేతురు పేరును అక్కడ విడిగా రాసింది నాలుగు సువార్తల్లో మార్కు ఒక్కడే. నా బైబిల్లో ‘పేతురుతోను’ కింద పెన్సిలు గీత ఉంది. నువ్వు కూడా అక్కడ ఒక్క నిమిషం ఆగి చదువు.

పాస్టరు గారిని ఇంకోసారి బతిమాలొద్దు. మీ సంఘంలో బర్నబాలాంటి వాళ్లు ఒకరు ఉండే ఉంటారు. రోగుల ఇళ్లకు వెళ్లి ప్రార్థన చేసేవాళ్లో, పిల్లలకు పాఠం చెప్పేవాళ్లో. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక వాళ్ల దగ్గరికెళ్లి, నేనూ మీతో రానా అని అడుగు.