ఎస్‌ఎంపీ అంటే లాంగ్ టర్మ్ కాదు చిన్నీ

చిన్నీ,

మెడిసిన్‌కి ముందు నువ్వు ఎస్‌ఎంపీ (స్పెషల్ మాస్టర్స్ ప్రోగ్రాం, డిగ్రీ మార్కులు తగ్గినవాళ్ళు మెడికల్ సీటు కోసం చదివే ఏడాది మాస్టర్స్) చేయాలా వద్దా అన్న అసలు సంగతి మొన్న ఆదివారం ఫోన్లో మాట్లాడుకోనే లేదు. స్పీకర్ ఆన్‌లో ఉంది. మీ నాన్న "నాలుగేళ్ళు బయాలజీ చదివింది చాలదా, మళ్ళీ మాస్టర్సా?" అంటాడు. మీ అమ్మ "అక్కా, అది మన లాంగ్ టర్మ్ లాంటిదే కదా, ఒక్క ఏడాదే కదా" అంటుంది. నువ్వు నోరే విప్పలేదు. అందుకే ఇలా రాస్తున్నాను. తెనాలిలో ఏడో తరగతి దాకా తెలుగు చదివిన పిల్లవి, మెల్లగా అయినా నువ్వే చదువుకో. మీ అమ్మ చేత చదివించుకుంటే మధ్యలో తన మాటలు కలుపుతుంది.

ముందు ఆ లాంగ్ టర్మ్ మాట తేల్చుకుందాం, ఎందుకంటే తికమకంతా అక్కడే ఉంది. మన దగ్గర ఇంటర్ అయ్యాక సీటు రాని పిల్లలు ఏడాది పాటు హాస్టల్లో పడి అవే పుస్తకాలు రుబ్బి మళ్ళీ నీట్ రాస్తారు. కొత్త ర్యాంకు వచ్చాక పాత ర్యాంకు గురించి అడిగేవాళ్ళు ఉండరు. ఇక్కడ అమెరికాలో అలా కాదు. రెండో ఏడాది ఆర్గానిక్ కెమిస్ట్రీలో నీకు వచ్చిన సి ఎక్కడికీ పోదు. ఎస్‌ఎంపీలో నువ్వు ఎంత బాగా చదివినా ఆ సి పక్కన ఇంకో గీత చేరుతుంది, అంతే. మెడికల్ కాలేజీలకు అప్లికేషన్ వెళ్ళేది ఆమ్‌కాస్ అనే ఉమ్మడి అప్లికేషన్ వ్యవస్థ ద్వారా కదా, అందులో డిగ్రీ జీపీఏ (గ్రేడ్ల సగటు) ఒక వరసలో, గ్రాడ్యుయేట్ జీపీఏ, అంటే మాస్టర్స్‌ది, వేరే వరసలో చూపిస్తారు. రెండూ కలపరు. 4కి వచ్చిన నీ 3.2 అలాగే 3.2గా ఉంటుంది, కింద ఎస్‌ఎంపీ మార్కు విడిగా కనిపిస్తుంది.

అదే నువ్వు డిగ్రీ స్థాయి కోర్సులే మరో 30 క్రెడిట్లు తీసుకుని అన్నిట్లో ఏ తెచ్చుకున్నావనుకో, అవి పాత 120 క్రెడిట్లతో కలుస్తాయి. లెక్క వేసి చూశాను, 3.36 అవుతుంది. ఏడాది కష్టానికి ఇంతేనా అనిపిస్తుంది కదా? అవును, అంతే. క్రెడిట్లు పోగుపడ్డాక జీపీఏ కదలదు. అందుకే ఈ ఎస్‌ఎంపీలు పుట్టాయి. జార్జ్‌టౌన్ వాళ్ళు 1975లో మొదలుపెట్టారు. బోస్టన్ యూనివర్సిటీ, సిన్సినాటి, టులేన్ లాంటి చోట్ల కూడా ఇలాంటివి ఉన్నాయి. కొన్నిచోట్ల డిగ్రీ ఫిజియాలజీ పేరు మీద వస్తుంది, కొన్నిచోట్ల మెడికల్ సైన్సెస్ అంటారు. పేరు ఏదైనా ఉద్దేశం ఒకటే: మెడిసిన్ మొదటి ఏడాది పాఠాలు ముందే చెప్పి, మెడికల్ స్టూడెంట్స్‌తో పోల్చి నీకు మార్కులు వేస్తారు. అడ్మిషన్ కమిటీకి ఉన్న అనుమానం కూడా అదే. "ఈ అమ్మాయి మా మొదటి ఏడాది తట్టుకుంటుందా?" అని. దానికి నువ్వు ముందే జవాబు రాసి ఇస్తున్నావన్నమాట.

అయితే జవాబు తప్పయితే? లాంగ్ టర్మ్ ఒకసారి కుదరకపోతే ఇంకోసారి చేస్తారు. ఎస్‌ఎంపీ రెండోసారి ఉండదు. పదకొండేళ్ళు ఒక మెడికల్ కాలేజీ కమిటీలో కూర్చుని ఫైళ్ళు చదివాను. డిగ్రీలో 3.2 ఉన్నా ఎస్‌ఎంపీలో 3.8 తెచ్చుకున్న పిల్లల గురించి గట్టిగా వాదించుకున్న రోజులున్నాయి. ఎస్‌ఎంపీలోనూ 3.1 వచ్చిన పిల్లల ఫైలు మాత్రం రెండు నిమిషాల్లో పక్కకు పోయేది. ఎస్‌ఎంపీ చేయకుండా వచ్చి ఉంటే కనీసం వాదించడానికి మాకు ఏదో ఒకటి మిగిలేది.

మీ అన్నయ్య, అదే మా అబ్బాయి, సంగతి నీకు పూర్తిగా తెలియదు. అప్పటికి నువ్వు ఇక్కడికి రాలేదు. వాడిని ఎస్‌ఎంపీలో చేర్పించింది నేనే. మెడికల్ ప్రవేశ పరీక్ష ఎంక్యాట్ వాడింకా రాయలేదు, "క్లాసులు నడుస్తుంటే అదే వస్తుందిలే, జనవరిలో రాసెయ్" అన్నాను. గుంటూరు మెడికల్ కాలేజీలో అనాటమీ, ఫిజియాలజీ నేను చదవలేదా, ఏముంది అందులో అనుకున్నాను. ఏముందంటే, మాకు ఏడాది పొడుగునా సాగిన పాఠం వాళ్ళకు కొన్ని వారాల్లో అయిపోతుంది. సెప్టెంబర్ చివర మొదటి పరీక్ష. వాడికి అందులో క్లాసు సగటు కంటే తక్కువ వచ్చింది. అది పూడ్చుకోవడానికి చదవాలా, ఎంక్యాట్‌కి చదవాలా తెలియక రెండూ సగం సగం చేశాడు. చివరికి 3.1, ఎంక్యాట్ కూడా అంతంత మాత్రమే. రెండేళ్ళు అప్లై చేశాడు. ఒక్క ఇంటర్వ్యూ కూడా రాలేదు. ఇప్పుడు ఫిజీషియన్ అసిస్టెంట్‌గా హాయిగానే ఉన్నాడులే. కానీ దీపావళికి ఇంటికొస్తే ఇప్పటికీ "అమ్మా, జనవరిలో రాసెయ్" అని నన్ను ఏడిపిస్తాడు.

కాబట్టి నా మొదటి నియమం: ఎంక్యాట్ అయిపోయాకే ఎస్‌ఎంపీ. నీకు పోయిన ఆగస్టులో 509 వచ్చింది. మొత్తం 528కి అది మంచి స్కోరే, మెడికల్ కాలేజీల్లో చేరేవాళ్ళ సగటు 511, 512 దగ్గర ఉంటుంది. నీ ఇబ్బంది జీపీఏ ఒక్కటే. స్కోరు 500 దగ్గర ఉండి జీపీఏ 3.6 ఉన్న పిల్ల అయితే ఎస్‌ఎంపీ మాట ఎత్తవద్దనేదాన్ని. ఆ పిల్లకి కావలసింది మంచి ఎంక్యాట్ స్కోరు, దానికి అంత డబ్బు పోయనక్కర్లేదు. అలాగే ఆసుపత్రి గడప తొక్కకుండా వచ్చిన పిల్లలకూ ఇది పనికిరాదు. నువ్వు ఆసుపత్రిలో డాక్టర్ పక్కన నోట్స్ రాసే స్క్రైబ్‌గా ఏడాదిన్నర చేశావు కనుక ఆ బెంగ లేదు.

ఇంకో చిన్న చిక్కుంది. ఎంక్యాట్ స్కోరును కొన్ని కాలేజీలు మూడేళ్ళు, కొన్ని రెండేళ్ళే ఒప్పుకుంటాయి. నేను చెప్పబోయే దారిలో నువ్వు మెడిసిన్‌లో చేరేది 2028 ఆగస్టు. అంటే నీ స్కోరు సరిగ్గా అంచు మీద ఉంటుంది. అప్లై చేయాలనుకునే ప్రతి కాలేజీ నియమం ఇప్పుడే చూసి ఒక కాగితం మీద రాసుకో.

ఇక దారి. మీ ఇంటి దగ్గర యూనివర్సిటీలో స్ప్రింగ్ సెమిస్టర్ మరో రెండు వారాల్లో మొదలవుతుంది. రెండు కోర్సులు తీసుకో, బయోకెమిస్ట్రీ ఒకటి, ఫిజియాలజీ ఒకటి. డిగ్రీలో నువ్వు తప్పించుకున్నవి అవే కదా! ఉద్యోగం వారానికి రెండు రోజులకు తగ్గించుకో. అదే సమయంలో ఎస్‌ఎంపీలకు అప్లికేషన్లు పంపు. చాలాచోట్ల వచ్చిన అప్లికేషన్‌ని వచ్చినట్టే చూసి సీట్లు నింపుతారు కాబట్టి ఆఖరి తేదీ దాకా ఆగకు, ఫిబ్రవరిలోనే పంపేయి. మేలో ఆ రెండింటిలోనూ ఏ వస్తే ఆగస్టులో బ్యాగు సర్దుకో. బి వస్తే మాత్రం ఆగిపో. రెండు కోర్సులకే బి వచ్చిన మనిషి, అనాటమీ హిస్టాలజీ బయోకెమిస్ట్రీ ఒకేసారి మీద పడితే ఏం చేస్తుంది? అప్పుడు మనం వేరే దారి మాట్లాడుకుందాం. అడ్వాన్స్ కట్టి ఉంటే పోతే పోనీ, నేనిస్తాను.

ఎస్‌ఎంపీ ఎంచుకునేటప్పుడు వాళ్ళ బ్రోషర్‌లో "మా విద్యార్థుల్లో ఇంత శాతం మెడిసిన్‌లో చేరారు" అని పెద్ద అక్షరాలు కనిపిస్తాయి. వెంటనే అడుగు: ఏ విద్యార్థుల్లో? మొదటి రోజు క్లాసులో కూర్చున్నవాళ్ళలోనా, కోర్సు పూర్తి చేసినవాళ్ళలోనా, అప్లై చేసినవాళ్ళలోనా? ఎన్నేళ్ళలో? మెడిసిన్ అంటే ఒక్క ఎండీయేనా (ఇక్కడ మొదటి డాక్టర్ డిగ్రీ అదే), డెంటల్, ఫార్మసీ కూడా కలిపారా? కమిటీలో ఉన్నన్నాళ్ళూ ఈ అంకెలతో ఎన్ని చిత్రాలు చేస్తారో చూశాను. అలాగే ఆ మెడికల్ కాలేజీ తన ఎస్‌ఎంపీ పిల్లల్ని కిందటేడాది ఎంతమందిని తీసుకుందో సంఖ్యలో చెప్పమను, శాతం వద్దు. కొన్నిచోట్ల ఫలానా జీపీఏ దాటితే ఇంటర్వ్యూ ఖాయం అంటారు, దాన్నే లింకేజ్ అంటున్నారు. అది కాగితం మీద ఉందా, నోటి మాటా? పరీక్ష పేపరు మెడికల్ స్టూడెంట్స్‌ది, నీది ఒకటేనా? ఇలా అడిగితే విసుక్కునే ఆఫీసు ఉంటే, చేరాక కూడా అంతే ఉంటుంది. అసలు మెడికల్ కాలేజీ పక్కన లేని మాస్టర్స్‌కి నేనైతే పైసా పెట్టను.

ఎందుకు డాక్టర్ అవ్వాలనుకుంటున్నావో రాయమంటారు. తాతయ్య ఐసీయూలో ఉండగా నిర్ణయించుకున్నాను అని మాత్రం రాయకు తల్లీ, మన పిల్లలు రాసినవి అలాంటివి వందలు చదివాను. నీకు స్క్రైబ్‌గా పనిచేస్తున్నప్పుడు కలిగిన అనుభవం ఒకటి చెప్పావు చూడు, అర్ధరాత్రి ఇంటర్‌ప్రిటర్ లేక ఆ గుజరాతీ ముసలావిడ నొప్పి ఎక్కడో చెప్పలేక ఏడ్చిందని, అది రాయి. రెండో ఏడాది మార్కుల గురించి మూడు వాక్యాలు చాలు. "నాన్నకు బైపాస్ అయింది, వారానికి నాలుగు రోజులు ఇంటికి వచ్చి వెళ్ళాను. ఆ సెమిస్టర్ వదిలేయాల్సింది, వదలలేదు. తర్వాతి ఏడాది ఎలా చదివానో మార్కుల్లో ఉంది." అంతే. జాలి పడమని అడిగినట్టు ఉండకూడదు. రికమెండేషన్ ఉత్తరాలు నీకు ఏ ఇచ్చిన ప్రొఫెసర్ల దగ్గరే తీసుకో. మీ నాన్న స్నేహితుడైన కార్డియాలజిస్ట్ అంకుల్ రాస్తానన్నాడట, దండం పెట్టి వద్దను.

మెడిసిన్‌కి ఎప్పుడు అప్లై చేయాలన్నది పెద్ద ప్రశ్న. ఈ జూన్‌లోనే చేసేసి, ఎస్‌ఎంపీ చదువుతూ డిసెంబర్ మార్కులు తర్వాత పంపుతారు కొందరు. ఏడాది కలిసొస్తుంది, నిజమే. కానీ జూన్‌లో ఫైలు తెరిచినవాళ్ళకి కనిపించేది ఆ పాత 3.2 ఒక్కటే. వద్దు. 2027 మేలో పూర్తి చేసి, పూర్తి మార్కులతో ఆ జూన్ మొదటి వారంలో అప్లై చెయ్యి. చేరిన చోట లింకేజ్ కోసం అదే ఏడాది అప్లై చేయాల్సిందే అన్న షరతు ఉంటే ఆ ఒక్క కాలేజీకి చెయ్యి. మధ్యలో ఖాళీగా ఉండే ఏడాది గురించి అమ్మ బెంగపడుతుంది, "పిల్లకి ఇరవై ఆరొస్తాయే" అని. రానీ.

డీఓ (ఆస్టియోపతిక్ మెడిసిన్) కాలేజీలకు కూడా అప్లై చెయ్యాలి. ఈ మాట అనగానే మీ నాన్న ముఖం చిట్లిస్తాడని నాకు తెలుసు. 2020 నుంచి ఎండీలకూ డీఓలకూ రెసిడెన్సీ (డిగ్రీ తర్వాత ఆసుపత్రి శిక్షణ) ప్రోగ్రాంలకు గుర్తింపు ఇచ్చే వ్యవస్థ ఒకటే. మా డిపార్ట్‌మెంట్‌లో నా తర్వాత వచ్చిన ఇద్దరూ డీఓలే, వాళ్ళు చూస్తుంటే నాకేం టెన్షన్ ఉండేది కాదు.

డబ్బు గురించి దాచను. చాలాచోట్ల ఫీజే 30 వేల డాలర్లు దాటుతుంది, అద్దె, తిండి వేరే. పైగా అప్పు నియమాలు మారాయి. 2026 జూలై 1 తర్వాత కొత్తగా అప్పు తీసుకునేవాళ్ళకి గ్రాడ్ ప్లస్ అనే ప్రభుత్వ లోన్ లేదు. మాస్టర్స్‌కి ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) అప్పు ఏడాదికి 20,500 డాలర్లు మించి రాదు. మెడిసిన్‌కి ఏడాదికి 50 వేలు, మొత్తం 2 లక్షలు. డిగ్రీ అప్పుతో సహా జీవితం మొత్తానికి 2,57,500 డాలర్లు హద్దు, ఎస్‌ఎంపీ అప్పు కూడా దాంట్లోంచే పోతుంది. అంటే ఈ ఏడాది పెట్టే ప్రతి డాలరూ మెడిసిన్ అప్పుతో పోటీ పడుతుంది. మీ నాన్న ఇంటి మీద అప్పు తెస్తానంటాడు. ఒప్పుకోకు. నేను కొంత పెడతాను, నీ చేతికి కాదు, ఫీజు రూపంలో. నీకు గ్రీన్ కార్డ్ వచ్చింది కాబట్టి ఇంత మాట్లాడగలుగుతున్నాం. మీ పక్కింటి హెచ్‌4 వీసా అబ్బాయి కూడా ఇదే అడుగుతున్నాడన్నావు. వాడికి ఫెడరల్ అప్పు రాదు, చాలా మెడికల్ కాలేజీలు సిటిజన్లనీ గ్రీన్ కార్డ్ వాళ్ళనీ మాత్రమే తీసుకుంటాయి. ముందు తనని తీసుకునే కాలేజీల జాబితా రాసుకోమను, తర్వాతే ఎస్‌ఎంపీ మాట.

చేరాక ఇంటి నుంచి రైల్లో వెళ్ళి రావడాలు, వారాంతం ఉద్యోగాలు పెట్టుకోకు. కాలేజీకి నడిచి వెళ్ళే దూరంలో గది తీసుకో. మొదటి పరీక్షలో సగటు కంటే తగ్గితే ఆ సాయంత్రమే ప్రొఫెసర్ దగ్గరికి వెళ్ళు, ఇంకో పరీక్ష చూద్దాంలే అని కూర్చోవద్దు. మీ అన్నయ్య అలాగే కూర్చున్నాడు. ఇంకొకటి, డిసెంబర్‌లో మీ బాబాయి కూతురి పెళ్ళి. సెమిస్టర్ ఫైనల్స్ కూడా అప్పుడే. నువ్వు వెళ్ళవు. ఆ మాట విజయవాడకి నేనే ఫోన్ చేసి చెప్తాను, నువ్వు మీ అమ్మతో గొడవ పడకు.

ఈ వారంలో నీ ట్రాన్స్‌క్రిప్ట్ పీడీఎఫ్ పంపు. ప్రతి కోర్సూ కనిపించాలి, నువ్వు డ్రాప్ చేసినవి కూడా. ఆదివారం పొద్దున్నే పదింటికి ఫోన్ చేస్తాను. ఈసారి స్పీకర్ ఆన్‌లోనే పెట్టు, ఆ అప్పు సంగతి మీ నాన్న కూడా వినాలి.

మీ పెద్దమ్మ