పరీక్షలు పూర్తయ్యే వరకు గోధుమలు మానకండి

మోచేతుల వెనుక, మోకాళ్ల మీద రెండు వైపులా ఒకే తీరున నీటి పొక్కులు లేచి, రాత్రిళ్లు నిద్ర పట్టనంత దురద పెడుతున్నదనీ, చపాతీలు మానేస్తే తగ్గుతుందని రూమ్మేట్ చెప్పిందనీ రాశారు. అమ్మా, ఆ పని ఇప్పుడే చేయకండి. మీరు చెప్పిన లక్షణాలు డెర్మటైటిస్ హెర్పెటిఫార్మిస్ కావచ్చు. గోధుమ, బార్లీ, రై ధాన్యాలలోని గ్లూటెన్ అనే ప్రోటీన్ పడని సీలియాక్ జబ్బు కొందరిలో చర్మం మీద ఇలా బయటపడుతుంది. కడుపులో ఏ బాధా లేకపోయినా రావచ్చు. గజ్జి, ఎగ్జిమా కూడా చూపుకు ఇలాగే ఉంటాయి కనుక తేల్చవలసింది చర్మవైద్యులే.

న్యూజెర్సీకి వచ్చిన కొత్తలో నాకూ ఇలాగే లేచాయి. ఇండియన్ స్టోర్‌లో పరిచయమైన ఒకావిడ మాట విని గోధుమ పూర్తిగా మానేసి, అన్నం, జొన్నరొట్టెలతో నెలలు గడిపాను. ఆ తరువాత డాక్టరు రాసిన, సీలియాక్ జబ్బును పసిగట్టే టీటీజీ ఐజీఏ రక్తపరీక్షలో ఏమీ లేదని వచ్చింది. గ్లూటెన్ మానితే ఆ పరీక్ష వెతికే, రక్తంలోని యాంటీబాడీలు క్రమంగా తగ్గిపోతాయనీ, అందుచేత ఆ ఫలితాన్ని నమ్మలేమనీ నాకు అప్పుడు తెలియదు. మళ్లీ కొన్ని వారాల పాటు రోజూ చపాతీలు తిని, ఆ దురదంతా భరించి, అదే పరీక్ష తిరిగి చేయించుకోవలసి వచ్చింది. డిడక్టిబుల్, అంటే ఇన్సూరెన్స్ కట్టడం మొదలుపెట్టే ముందు ఏటా మనం సొంతంగా కట్టుకోవలసిన మొత్తం, నిండలేదు గనుక రెండు బిల్లులూ నా జేబు నుంచే పోయాయి. ఆ నెల ఇంటికి డబ్బు పంపలేకపోయాను.

అసలు నిర్ధారణ చర్మపు బయాప్సీతో, అంటే చర్మం ముక్క తీసి చేసే పరీక్షతో, జరుగుతుంది. పొక్కు మీద కాదు, దాని పక్కన మామూలుగా కనిపించే చర్మం మీద పెన్నుతో సున్నా గీసి, మత్తు సూది ఇచ్చి, గుండ్రటి చిన్న కత్తితో పెసరగింజంత ముక్క తీస్తారు. ఆ ముక్కను ఫార్మలిన్‌లో కాక, వేరే ద్రవంలో ఉంచి డైరెక్ట్ ఇమ్యునోఫ్లోరెసెన్స్ (చర్మంలో చేరిన యాంటీబాడీలను మెరిసేలా చేసి చూసే) పరీక్షకు పంపాలి. అందులో ఐజీఏ అనే యాంటీబాడీ రేణువులు కనిపిస్తే జబ్బు తేలినట్టే. సాధారణంగా ఎండోస్కోపీ (గొట్టం వేసి పేగు లోపల చూసే పరీక్ష) అవసరం కూడా ఉండదు. అన్నిటికంటే పెద్ద బిల్లు తప్పేది అక్కడే కనుక, ముక్క ఎక్కడి నుంచి తీస్తున్నారో, ఏ పరీక్షకు పంపుతున్నారో మొహమాటపడకుండా అడగండి.

ఇప్పుడు వచ్చే పిల్లలు డాక్టరు ఇన్‌నెట్‌వర్క్ (మన ఇన్సూరెన్స్‌తో ఒప్పందం ఉన్నవారు) అని యాప్‌లో చూసుకుని నిశ్చింతగా వెళ్లిపోతారు. నా డాక్టరూ నెట్‌వర్క్‌లోనే ఉన్నారు, ముక్క వెళ్లిన ల్యాబ్ మాత్రం లేదు. ఆ బిల్లు కవరు విప్పిన రాత్రి నాకు అన్నం దిగలేదు. పరీక్షకు ఎంత, రుసుముకు ఎంత అని వివరంగా రాసిన బిల్లు తెప్పించుకుని, ఇన్సూరెన్స్‌కు అప్పీలు పెట్టి కొంత తగ్గించుకుని, మిగిలినది వడ్డీ లేని వాయిదాల్లో ఎవరి దగ్గరా చేయి చాచకుండా తీర్చాను. 2022 నుంచి ఇలాంటి బిల్లులకు అడ్డుకట్ట వేసే చట్టం ఉంది గాని, డాక్టరు సొంత క్లినిక్ నుంచి బయటి ల్యాబ్‌కు పంపిన నమూనాలన్నిటికీ అది వర్తిస్తుందని అనుకోవద్దు. అపాయింట్‌మెంట్‌కు ముందే క్లినిక్ వారిని ల్యాబ్ పేరు, పరీక్షల సీపీటీ కోడ్లు (బిల్లులో ఒక్కో పరీక్షకు వేసే సంఖ్యలు) అడిగి, ఇన్సూరెన్స్ కార్డు వెనుక ఉన్న నంబరుకు ఫోన్ చేసి మీ వాటా ఎంతో కనుక్కోండి. చాలా ప్లాన్లలో జనవరిలో డిడక్టిబుల్ మళ్లీ మొదటికి వస్తుంది కాబట్టి, ఇప్పటికే అది నిండి ఉంటే డిసెంబరు దాటనివ్వకండి.

జబ్బని తేలాకే పథ్యం. అప్పుడు ఖరీదైన గ్లూటెన్ ఫ్రీ బ్రెడ్ల వెంట పడనక్కరలేదు. బియ్యం, రాగి, జొన్న, పప్పులు మనకు అలవాటైనవే. బొంబాయి రవ్వ, సేమియా, మైదా బొబ్బట్లు మానాలని ఎవరికైనా తెలుస్తుంది, కానీ పొడి ఇంగువలో తరచు గోధుమపిండి కలుపుతారని చాలామందికి తెలియదు. చారులో వేసే ఆ చిటికెడు కోసం డబ్బా మీది అక్షరాలు చదవండి. ఇక్కడ గ్లూటెన్ ఫ్రీ అని రాయాలంటే అందులో గ్లూటెన్ పది లక్షల పాళ్లలో 20 పాళ్లకు తక్కువ ఉండాలి.

పథ్యంతో పొక్కులు పూర్తిగా తగ్గడానికి నెలలు, కొందరికి ఏళ్లు పడుతుంది. ఈలోగా దురదకు డాప్సోన్ అనే మందు ఇవ్వవచ్చు, అది మొదలుపెట్టే ముందు జీ6పీడీ (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైము) పరీక్ష తప్పనిసరి. టీటీజీ ఐజీఏ, మొత్తం ఐజీఏలతో పాటు దాన్ని కూడా ఒకేసారి రాయగలరేమో డాక్టరును అడగండి, రక్తం తీసినందుకు మరోసారి డబ్బు కట్టే పని ఉండదు.